స్టేషన్‌లో ఫ్రీ వైఫై వాడితే అకౌంట్‌లో డబ్బులు పోతాయా?

నిడదవోలు_జంక్షన్
మా మావయ్యగారి అకౌంట్లోంచి 38 వేలు పోయాయి. ఒక పెద్ద స్టేషన్‌లో ట్రైన్ లేటని కూర్చుని వైఫై ఆన్ చేశారంట. స్టేషన్ పేరే ఉంది, చివర ఫ్రీ అని తగిలించి ఉంది. కనెక్ట్ అవగానే ఒక పేజీ వచ్చింది, పేరు అడిగింది, ఫోన్ నంబర్ అడిగింది, తర్వాత వెరిఫికేషన్‌కి ఒక్క రూపాయి కట్టాలి డెబిట్ కార్డు వివరాలు ఇవ్వండి అంది. రూపాయే కదా అని ఇచ్చేశారు. ఓటీపీ కొడితే తప్పు అని చూపించి ఇంకోటి పంపింది, అదీ కొట్టారు. ట్రైన్ ఎక్కాక మెసేజ్‌లు చూసుకుంటే రెండుసార్లు కట్ అయ్యి ఉంది. బ్యాంకుకి వెళ్తే ఓటీపీ మీరే ఇచ్చారుగా మేమేం చేస్తాం అన్నారు. ఇప్పుడు అత్తయ్య ఇంట్లో రౌటర్ కూడా పీకేయమంటోంది. నా డౌట్ ఏంటంటే వైఫైలోంచి ఫోన్‌లోకి దూరి బ్యాంకు యాప్ హ్యాక్ చేశారా, లేకపోతే ఆ పేజీ వల్లేనా? బయట వైఫై వాడొచ్చా లేదా, సూటిగా చెప్పండి.

క్యాషియర్_కబుర్లు
అవన్నీ తర్వాత. ఎప్పుడు జరిగింది, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా?

నిడదవోలు_జంక్షన్
నిన్న సాయంత్రం. ఇంకా చెయ్యలేదండి, ఏ ఊరి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలో తేలక ఆగారు, ట్రైన్‌లో ఉండగా తెలిసింది కదా.

క్యాషియర్_కబుర్లు
ఏ ఊరూ అక్కర్లేదు. ఈ పోస్టు చదవడం ఆపి ముందు ఫోన్ చేయించండి. దేశమంతా ఒకటే నంబర్. డబ్బు కట్ అయిన మెసేజ్‌లో రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, అది చెప్పాలి. వాళ్ళు ఎంటర్ చేయగానే డబ్బు ఏ బ్యాంకుకి వెళ్ళిందో ఆ బ్యాంకుకి అలర్ట్ పోతుంది, అక్కడ ఇంకా మిగిలి ఉంటే హోల్డ్‌లో పెడతారు. దొంగ ఏటీఎం దగ్గరికి వెళ్ళేలోపు మనం వెళ్ళాలి, అంతే లెక్క. లైన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీరే పెట్టొచ్చు. కార్డు బ్లాక్ చేశారా కనీసం?

నిడదవోలు_జంక్షన్
కార్డు బ్లాక్ అయింది. 1930 ఇప్పుడే చేయిస్తున్నా.

హాస్టల్_ఉప్మా
అందుకే బయట వైఫై వాడే ముందు వీపీఎన్ పెట్టుకోవాలి గయ్స్. వీపీఎన్ ఉంటే ఎవ్వడూ ఏమీ పీకలేడు.

పొట్లాల_పంతులు
ఉప్మా తమ్ముడూ, ఆ మావయ్యగారికి వీపీఎన్ ఉన్నా 38 వేలూ పోయేవి. కార్డు నంబర్, ఓటీపీ ఆయనే దొంగ పేజీలో టైప్ చేశారు. వీపీఎన్ చేసే పని మధ్యలో ఉన్నవాడికి కనపడకుండా డేటా అవతలికి చేర్చడం. అవతల కూర్చున్నవాడే దొంగయితే వాడికి భద్రంగా చేరుస్తుంది. పైగా ఇలాంటి వైఫైలో లాగిన్ పేజీ దాటితే గానీ వీపీఎన్ కనెక్టే అవదు, ఆ పేజీలోనేగా కథంతా జరిగింది.

జంక్షన్ గారి డౌట్‌కి: ఫోన్‌లోకి దూరలేదు, పేజీ వల్లే. బ్యాంకు యాప్ అయినా యూపీఐ అయినా ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలోవాడు చదవలేని కోడ్‌లోనే వెళ్తుంది, పిన్ అయితే ఫోన్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. పైగా యూపీఐ మన సిమ్‌తో, ఫోన్‌తో ముడిపడి ఉంటుంది. వైఫై నడిపేవాడికి మీరు ఏ సైట్‌కి వెళ్ళారో చాలావరకు తెలుస్తుంది, అందులో ఏం చేశారో తెలీదు. ఆటో అతనికి మనం ఏ బ్యాంకు ముందు దిగామో తెలుస్తుంది గానీ లోపల ఎంత డ్రా చేశామో తెలీదుగా, అలా.

టవర్‌కింద_తాత
పంతులు చెప్పింది ఈ రోజుల మాట. నేను టెలికాంలో చేసి రిటైరయ్యాను, ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 2010లో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని అది ఆన్ చేస్తే పక్క టేబుల్ వాళ్ళ ఫేస్‌బుక్ ఫోటోతో సహా లిస్టులో పడేది, నొక్కితే వాళ్ళ అకౌంట్‌లోకి వెళ్ళిపోయేవాళ్ళం. దాన్ని చేసినవాడు దొంగతనం కోసం చెయ్యలేదు, కంపెనీల కళ్ళు తెరిపించడానికి చేశాడు. ఆ గొడవ తర్వాతే పెద్ద సైట్లు ఒక్కొక్కటీ మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే పేజీ అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతికి మారాయి, ఫేస్‌బుక్ 2013కి అందరికీ పెట్టింది. 2018 జులై నుంచి క్రోమ్ అది లేని ప్రతి సైట్ మీదా నాట్ సెక్యూర్ అని రాయడం మొదలెట్టింది. బయట వైఫైలో బ్యాంకు జోలికి పోకండి అనే సలహా ఆ రోజుల్లో పుట్టింది, ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది.

ఓరుగల్లు_పోరడు
అంటే ఇప్పుడు ఫ్రీ వైఫై సేఫ్ అంటున్నవా తాతా? గట్ల చెప్తే రేపు ఇంకొకడు పోయి మోసపోతడు. 2017ల క్రాక్ అని వచ్చింది కదా, పాస్‌వర్డ్ ఉన్న వైఫైలనే బొక్క దొరికింది. ఇప్పుడు లేనిది రేపు రాదని గ్యారంటీ ఏంది? నేనైతే బయట వైఫై ముట్టనే ముట్ట. రోజుకు రెండు జీబీ డేటా వస్తది రీచార్జ్‌ల, అది వాడనీకే టైమ్ లేదు.

టవర్‌కింద_తాత
సేఫ్ అనలేదు నాయనా, ప్రమాదం జరిగే చోటు మారింది అన్నాను. క్రాక్ వచ్చింది నిజమే, అప్‌డేట్లతో సరిచేశారు. దాన్ని వాడాలంటే దగ్గర్లో కూర్చుని కష్టపడాలి. ఒక్క రూపాయి పేజీ పెట్టడానికి ఏం కష్టం ఉంది, చవక రౌటర్ ఒకటి సంచిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటే చాలు.

సీమ_టపాకాయ్
ఏమప్పా, అంటే మన పక్కన కూర్చుని పల్లీలు తింటాండేవోడే వైఫై ఓనర్ అయ్యుండొచ్చా? ఇంగ రైల్లో ఎవురినీ నమ్మేదానికి లేదు, బిస్కెట్లు ముందే తినకూడదంటిరి, ఇప్పుడు సిగ్నల్ గూడా తీసుకోకూడదు.

టెక్సాస్_ఆవకాయ్
టపాకాయ్ నవ్వుకి అన్నాడు గానీ ఆస్ట్రేలియాలో అచ్చం అదే జరిగింది. 2024లో అక్కడి ఫెడరల్ పోలీసులు ఒకతని మీద కేసు పెట్టారు, లోకల్ ఫ్లైట్‌లో అనుమానంగా ఒక వైఫై కనపడుతోందని విమానం స్టాఫ్ కంప్లయింట్ ఇస్తే దొరికాడు. ఎయిర్‌పోర్టుల్లో, ఫ్లైట్లలో అసలు వైఫై పేరుతోనే తన డబ్బా పెట్టి, కనెక్ట్ అయినవాళ్ళకి ఈమెయిల్, సోషల్ మీడియా లాగిన్ అడిగే పేజీ చూపించేవాడు. చేతిలో పట్టేంత పరికరం. అక్కడా ఎవరి ఎన్‌క్రిప్షనూ బద్దలు కొట్టలేదు, జనమే పాస్‌వర్డ్ టైప్ చేశారు.

సందేహాల_సుబ్బు
మరి అసలు రైల్వే వైఫై ఏదో నకిలీ ఏదో ఎలా తెలుస్తుంది? రెండూ ఫోన్ నంబర్ అడుగుతాయి కదా.

పొట్లాల_పంతులు
సుబ్బూ అదే చిక్కు. అసలుది రైల్వే వాళ్ళ కంపెనీ రైల్‌టెల్ నడుపుతుంది, పేరు రైల్‌వైర్ అని కనిపిస్తుంది. 2016 జనవరిలో గూగుల్‌తో కలిసి ముంబై సెంట్రల్‌లో మొదలుపెట్టారు, 2020లో గూగుల్ తప్పుకుంది, ఇప్పుడు చిన్న స్టేషన్లలో కూడా ఉంది. పద్ధతి ఏంటంటే ఫోన్ నంబర్, దానికి ఓటీపీ, అరగంట ఉచితం. కార్డు అడగదు. కానీ అరగంట దాటాక ప్లాన్ కొనమంటుంది, 2021లో పెట్టారు అది, మొదట్లో పది రూపాయలకి ఒక రోజు 5 జీబీ. అంటే అసలుదాంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు డబ్బు కట్టే పేజీ వస్తుంది. దొంగలకి అదే కలిసొచ్చింది, జనానికి ఆ పేజీ వింతగా అనిపించదు. నా మాట ఏంటంటే మొదట్లోనే డబ్బు అడిగితే బయటికి వచ్చెయ్యి, ప్లాన్ కావాలంటే వైఫై ఆపి మొబైల్ డేటా మీద మామూలు బ్రౌజర్‌లో అసలు సైట్‌కి వెళ్ళి కొనుక్కో. వైఫై కనెక్ట్ అవగానే ఫోన్ దానంతటదే తెరిచే చిన్న కిటికీలో అడ్రస్ సరిగ్గా కనపడదు, అందులో మాత్రం కార్డు నంబర్ కొట్టొద్దు.

మాదాపూర్_మాలతి
నాకు ఇంకో డౌట్, అసలు కాఫీ తాగడానికి వెళ్తే వైఫైకి నా ఫోన్ నంబర్ ఎందుకు ఇవ్వాలి? మా ఆఫీస్ దగ్గర ఒక కేఫ్‌లో నంబర్ ఇచ్చా, ఆ రోజు నుంచి ఫ్లాట్ కొంటారా లోన్ కావాలా అని కాల్సే కాల్స్. బయట తిరిగితే ఇదొక నరకం.

టవర్‌కింద_తాత
దానికి కథ ఉందమ్మా. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళప్పుడు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది కదా, అది నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్ళిందని తేలింది, పాస్‌వర్డ్ లేకుండా వదిలేశాడు ఆయన. పోలీసులు ముందు ఆయన తలుపే తట్టారు. ఆ తర్వాత 2009లో టెలికాం శాఖ, పబ్లిక్ వైఫై వాడేవాడు ఎవరో రికార్డు ఉండాల్సిందే అని ఆదేశాలిచ్చింది. అందుకే మన దగ్గర ఫోన్ ఓటీపీ. కాల్స్ బాధ మాత్రం ప్రభుత్వం పెట్టింది కాదు, ఆ కేఫ్ వాళ్ళు నీ నంబర్ ఎవరికో ఇచ్చి ఉంటారు.

సీమ_టపాకాయ్
తాత చెప్పింది ఇంటికి పోయి అందరూ గుర్తు పెట్టుకోండప్పా, మా పక్కింటోళ్ళ వైఫై పాస్‌వర్డ్ వన్ టూ త్రీ ఫోర్ ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్. వీధంతా వాళ్ళ మీదే బతుకుతాండాది. పోలీసులొస్తే ముందు వాళ్ళనే తీస్కపోతారు పాపం.

మాదాపూర్_మాలతి
నువ్వు కూడా వాడుతున్నట్టున్నావ్ టపాకాయ్, అంత కరెక్టుగా చెప్పావ్.

సీమ_టపాకాయ్
క్రికెట్ ఉన్న రోజు మాత్రమే.

క్యాషియర్_కబుర్లు
బ్యాంకులో పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా, కౌంటర్ దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళలో వైఫై కథ చాలా అరుదు. ఎక్కువ వచ్చేది వాట్సాప్‌లో ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్. పెళ్ళి కార్డు అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ డబ్బు పడిందని. నొక్కి ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తారు, ఇంక ఓటీపీలు వాడికి వెళ్తాయి, మనకి తెలియను కూడా తెలీదు. జంక్షన్ గారూ, ఆ పేజీ మీ మావయ్యగారిచేత ఏదైనా యాప్ డౌన్‌లోడ్ చేయించిందేమో చూడండి. ఇంటర్నెట్ స్పీడ్ పెరుగుతుంది అనో, సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయండి అనో అడుగుతాయి కొన్ని. ఉంటే కార్డు బ్లాక్ చేసినంత మాత్రాన సరిపోదు, ఫోన్ రీసెట్ చేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి.

నిడదవోలు_జంక్షన్
యాప్ ఏమీ లేదండి, మా చెల్లి మొత్తం వెతికింది. కంప్లయింట్ నంబర్ వచ్చింది. రెండు ట్రాన్సాక్షన్లలో ఒకటి వెళ్ళిన అకౌంట్‌లో 14 వేలు హోల్డ్ అయ్యాయని చెప్పారు, మిగతాది అప్పటికే డ్రా చేసేశారంట. కానీ హోల్డ్ అయినవి మన చేతికి ఎప్పుడొస్తాయో అడిగితే కోర్టు అంటున్నారు.

క్యాషియర్_కబుర్లు
కోర్టు ఆర్డర్‌తో వస్తాయి, ప్రాసెస్ ఉంది, భయపడకండి. తెలంగాణలో అయితే సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు లోక్ అదాలత్‌లలో పెట్టి తిరిగి ఇప్పిస్తున్నారు. కంప్లయింట్ చూసే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి రిఫండ్ పిటిషన్ సంగతి అడుగుతూ ఉండాలి, మన కేసు మనమే వెంటపడాలి.

ఇంకో మాట, బ్యాంకు వాళ్ళు నోటితో చెప్పి పంపేశారు అన్నారు కదా. మావాళ్ళని వెనకేసుకు రాను. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ఉంది. తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ళకి ఒక్క రూపాయి కూడా నష్టం రాకూడదు. ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మన నష్టం, చెప్పాక పోయింది బ్యాంకు నష్టం. మీ కేసు రెండో రకంలోకి లాగుతారు, అయినా రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఓరుగల్లు_పోరడు
గదే అంటున్న నేను. ఇన్ని తిప్పలు పడేకన్నా డేటా ఆన్ చేసుకుంటే అయిపోయే ముచ్చట. ఎందుకన్నా ఈ ఫ్రీ యావ.

హాస్టల్_ఉప్మా
అన్నా నీకు రెండు జీబీ మిగులుతున్నాయేమో, మాకు ప్రాజెక్ట్ డౌన్‌లోడ్‌లకి ఒక గంటలో అయిపోతాయి. మా హాస్టల్ రూమ్‌లో సిగ్నల్ ఒక్క గీత. వైఫై లేకపోతే మేము లేము. పెద్ద స్టేషన్లలో ఆ వైఫైలో చదువుకుని గవర్నమెంట్ జాబ్ పరీక్ష పాసైనవాళ్ళు ఉన్నారు, పేపర్లలో వచ్చింది. అందరికీ ముట్టొద్దు అని చెప్పడం ఈజీ.

ఓరుగల్లు_పోరడు
సరే తమ్మీ, ఆ మాట ఒప్పుకుంట. మరి ముట్టేటోళ్ళు ఏం జెయ్యాల్నో అది చెప్పుండ్రి, ఊకె చరిత్ర చెప్పుకుంట కూసుంటే ఎట్ల.

పొట్లాల_పంతులు
పోరడు అడిగాడు కాబట్టి. ఫోన్‌లో పాత వైఫైల లిస్టు ఒకసారి తెరిచి చూడండి, ఎప్పుడో వెళ్ళిన లాడ్జి, మాల్, ఎయిర్‌పోర్ట్ అన్నీ ఉంటాయి. పాస్‌వర్డ్ లేని వాటి పేరుతో ఎవడైనా డబ్బా పెడితే మన ఫోన్ అడక్కుండానే కలిసిపోతుంది, ఎందుకంటే అది చూసేది పేరునే. అవన్నీ ఫర్గెట్ కొట్టండి. లేదా వాటి పక్కన ఆటో కనెక్ట్ ఆపేయండి. లాప్‌టాప్ వాళ్ళు కొత్త వైఫై కలిసినప్పుడు విండోస్ అడిగితే పబ్లిక్ అనే పెట్టండి, ప్రైవేట్ పెడితే షేర్ చేసిన ఫోల్డర్లు పక్క రూమ్ వాళ్ళకి కనపడే ఛాన్స్ ఉంది. ఒక హోటల్‌లో నాకు ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ మొత్తం కనపడింది, భోజనాల ఫోటోలతో సహా.

బ్రౌజర్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ అని ఎర్రగా వస్తే, ప్రొసీడ్ ఎనీవే నొక్కే అలవాటు మానండి. బయట వైఫైలో ఆ వార్నింగ్ వచ్చిందంటే మధ్యలో ఎవడో వేలు పెట్టి ఉండొచ్చు.

సందేహాల_సుబ్బు
బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటే సేఫ్ అని మా కాలేజీలో చెప్పారు?

పొట్లాల_పంతులు
కాదు. ఆ తాళం రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ ఎవరైనా ఫ్రీగా నిమిషాల్లో తీసుకోవచ్చు, దొంగ సైట్‌కి కూడా తాళం ఉంటుంది. అందుకే 2023లో క్రోమ్ ఆ బొమ్మే తీసేసింది. చూడాల్సింది అడ్రస్. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ ఆఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని ఆర్‌బీఐ చెప్పింది, ఆ చివర బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. నెట్ బ్యాంకింగ్ చేసేవాళ్ళు చివర అది ఉందో లేదో చూసుకుంటే చాలా దొంగ సైట్లు అక్కడే దొరికిపోతాయి.

హాస్టల్_ఉప్మా
అయితే వీపీఎన్ పూర్తిగా వేస్టా? నేను ఒక ఫ్రీది వాడుతున్నా, యాడ్స్ వస్తాయి అంతే.

టెక్సాస్_ఆవకాయ్
ఫ్రీది తీసెయ్ ముందు. నీ ట్రాఫిక్ అంతా వాడి చేతిలో పెట్టి స్టేషన్ వైఫైని అనుమానిస్తున్నావ్. కంపెనీ వీపీఎన్ ఆఫీస్ పనికి అవసరమే, నేను వాడతా. కొన్ని ఇండియా బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్ ఉంటే తెరుచుకోవు కూడా. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ వాళ్ళు వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్ళు దాచాలని రూల్ పెట్టాక నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ అన్నీ ఇండియాలో సర్వర్లు ఎత్తేశాయి.

టవర్‌కింద_తాత
ఊళ్ళలో ఇప్పుడు పీఎం వాణి అని కిరాణా కొట్లలో కూడా వైఫై పెడుతున్నారు. 2020 డిసెంబర్‌లో కేబినెట్ ఒప్పుకుంది, కొట్టాయనకి లైసెన్స్ అక్కర్లేదు. యాప్‌లో ఒకసారి రిజిస్టర్ అయితే ఆ యాప్ నుంచే దగ్గర్లోని వైఫైలు కనపడతాయి. కొట్టుకొట్టుకీ కొత్త పేజీలో నంబర్ కొట్టే పని ఉండదు కాబట్టి ఈ రూపాయి పేజీల బెడద కొంత తప్పుతుందని నా అభిప్రాయం. యాప్ మాత్రం ప్లే స్టోర్ నుంచే, ఎవరో పంపిన లింక్ నుంచి కాదు.

ఓరుగల్లు_పోరడు
కిరాణా సేటు పప్పు తూకంలనే మోసం చేస్తడు, డేటా తూకం ఎట్ల చూడాలె?

మాదాపూర్_మాలతి
హహహ. మా కేఫ్‌లో టేబుల్ మీద క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది, స్కాన్ చేస్తే వైఫై కలుస్తుంది. మొన్న దాని మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది, గోరుతో గీకితే కింద పాతది కనపడింది. మేనేజర్‌ని అడిగితే వాళ్ళకే తెలీదు ఎవరు అంటించారో. స్కాన్ చేస్తే వైఫై కలవకుండా ఏదో వెబ్‌సైట్ ఓపెన్ అయిందంటే అనుమానించండి, ఆ తర్వాత నుంచి నేను వైఫై పాస్‌వర్డ్ బిల్లు మీద రాసి ఇమ్మని అడుగుతున్నా.

సందేహాల_సుబ్బు
ఛార్జింగ్ పాయింట్ సంగతేంటి, బస్టాండ్‌లో యూఎస్‌బీ పెడితే డేటా లాగేస్తారంట?

పొట్లాల_పంతులు
ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన బుక్‌లెట్‌లో కూడా ఉంది ఆ హెచ్చరిక. ఈ కాలపు ఫోన్లు మామూలుగా ఛార్జింగ్ మాత్రమే చేస్తాయి, డేటా ఇవ్వాలంటే అడుగుతాయి. అలా అడిగితే నో చెప్పి, సొంత అడాప్టర్‌తో కరెంటు ప్లగ్‌కి పెట్టుకో. పనికిరాని భయం కాదు గానీ దీని మీద నిద్ర పాడుచేసుకోకు.

క్యాషియర్_కబుర్లు
పెద్దవాళ్ళున్న ఇళ్ళలో నేను చేయించేది చెప్తా. జీతం, పెన్షన్ పడే అకౌంట్ కార్డుకి ఆన్‌లైన్ వాడకం ఆఫ్. ఆ స్విచ్ ప్రతి బ్యాంకు ఇవ్వాలి, 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్. యాప్‌లోనే ఉంటుంది, లిమిట్ కూడా అక్కడే తగ్గించుకోవచ్చు. మావయ్యగారి కార్డుకి అది ఆఫ్‌లో ఉండి ఉంటే రెండు ఓటీపీలు ఇచ్చినా ఏమీ పోయేది కాదు. బయట ఖర్చులకి యూపీఐ లైట్‌లో, అంటే యూపీఐ యాప్‌లోనే ఉండే చిన్న పర్సులో కొంచెం వేసి ఇవ్వండి, అందులో 5 వేలకి మించి పట్టదు, పోయినా అంతే.

సీమ_టపాకాయ్
మా నాయనకు ఇది చెప్తే, అయిదు వేలు పోతే పోనీ అనే అంత సులువా, ఇటు తే ఆ అయిదు వేలు అంటాండాడు.

సందేహాల_సుబ్బు
క్యాషియర్ గారూ, కార్డుకి ఆన్‌లైన్ ఆఫ్ చేస్తే ఏటీఎంలో డబ్బులు వస్తాయా? మా అమ్మది చేద్దామని యాప్ తెరిచా, నాలుగు స్విచ్‌లు ఉన్నాయి.

క్యాషియర్_కబుర్లు
వస్తాయి. ఏటీఎం, షాపులో స్వైప్, ట్యాప్, ఆన్‌లైన్ దేనిది దానికి వేరు. ఇంటర్నేషనల్ అని ఇంకోటి ఉంటుంది, అది కూడా ఆపెయ్. అమ్మకి గీకకుండా పెట్టి కట్టే అలవాటు లేకపోతే ట్యాప్ కూడా ఆపొచ్చు. అయ్యాక ఒకసారి వెళ్ళి వంద రూపాయలు డ్రా చేసి చూడు.